పళ్ళ మధ్య కట్టె

మా గల్లీలో ఎవరైనా చనిపోతే ఆ కబురు ఎవరూ మోసుకు రానక్కర్లేదు. మరమగ్గాలు ఆగిపోతాయి. మొదట చావింటి పక్కవాళ్ళు మోటారు బంద్ చేస్తారు, తర్వాత వాళ్ళ పక్కవాళ్ళు, ఆ తర్వాత ఎదురు వరుస. కాసేపటికి గల్లీ మొత్తం నోరు మూసుకుంటుంది. శవాన్ని ఎత్తేదాకా ఎవరూ మళ్ళీ స్విచ్చి వెయ్యరు. షోలాపూర్‌లో, నీలం నగర్‌లోని మా గల్లీకి ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను కోడలిగా వచ్చేనాటికే ఉంది. ఆ మోతలో పుట్టిన పసిపిల్లలు అది ఆగగానే నిద్రలోంచి లేచి ఏడుస్తారు.

మొన్న మొదట ఆగింది మా ఇంటి మగ్గమే. నేను గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. మా ఆయన మోటారు బంద్ చేసి, నా వైపు చూసి, పక్కింటి వైపు తల తిప్పాడు. చుట్టబోతున్న తునికాకు నా వేళ్ళ మధ్యే ఉండిపోయింది. పక్కింటి బావ పోయాడు.

బావ అంటే వరసకు బావ. ఆయన భార్యదీ నాదీ కరీంనగర్ దిక్కు ఒకే ఊరు. అందుకని ఆమె నాకు అక్క అయింది, ఆయన బావ అయ్యాడు. వాళ్ళకు పిల్లల్లేరు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు మావి. ఇన్నేళ్ళలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. చిన్నవాళ్ళు కాక అనేవారు, నాలాంటి ఒకరిద్దరం బావ అనేవాళ్ళం. ఇప్పుడు కొత్తగా పేరు చెబితే ఎవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది.

ఆయనకు సగానికి పైగా చెవుడు. మరమగ్గాలను మా మాటల్లో సాంచాలు అంటాం. చిన్నతనం నుంచి సాంచాల మధ్య నిలబడ్డవాళ్ళకు అది తప్పదు. మామూలుగా మాట్లాడితేనే నాలుగిళ్ళకు వినిపించేది. అందుకే రహస్యం చెప్పాలంటే చేతులతో చెప్పేవాడు. సాంచాల కాడ పనిచేసే వాళ్ళందరూ పెదవులు చూసి మాట పట్టుకుంటారు, వేళ్ళతో జవాబిస్తారు, అది వింత కాదు. బావ మాత్రం చప్పుడు లేనిచోట కూడా చేతులతోనే బతికేవాడు. ఒకసారి రేషన్ దుకాణంలో రెండు వేళ్ళు కలిపి పుటుక్కున విడదీశాడు. దారం తెగిందనే సైగ అది. చక్కెర అయిపోయిందా అని ఆయన అడగడం. దుకాణం మరాఠీ ఆయన తెల్లమొహం వేశాడు. వెనక వరుసలో నిలబడ్డ మా వాళ్ళందరికీ అర్థమై పగలబడి నవ్వారు. బావకు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు, అయినా ఆయనా నవ్వాడు.

చాయ సాసర్లో పోసుకుంటే వెంటనే తాగేవాడు కాదు. నేల మీద పెట్టి చూసేవాడు. మా ఇళ్ళల్లో నేల ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉంటుంది కదా, చాయ మీద చిన్న చిన్న అలలు లేస్తాయి. వాటిని చూస్తూ చూస్తూ, "ఎదురింటి సాంచ ఏదో అడుగుతున్నది, పోయి చెప్పిరా పో పిల్లా" అని నన్ను తోలేవాడు. నీ చాయకు నేను కూలికి కుదిరానా అని నేను కదిలేదాన్ని కాదు. చివరికి చల్లారిన చాయ గటగటా తాగి ఆయనే లేచి పోయేవాడు.

ఆ 'అడుగుతున్నది' అన్న మాట ఆయనది. మిషను చెడిపోయిందని ఆయన నోట నేను వినలేదు. చప్పుడు మారిందంటే అది ఏదో అడుగుతున్నట్టే లెక్క. పైన తిరిగే ఫ్యాను అడిగేది, కిరసనాయిలు స్టవ్వు అడిగేది.

"ఊకె ఎందుకు మొత్తుకుంటది? దానికి ఏదో గావాలె. ఏం గావాల్నో మనం సూడాలె" అనేవాడు.

ఏం కావాలో తెలుసుకోవడానికి ఆయన దగ్గర ఒక కట్టె ఉండేది. మగ్గంలో పోగు మోసే నాడెను అటూ ఇటూ విసిరే కట్టె, అరిగిపోయి తీసేసింది. దాని ఒక కొసను మిషనుకు ఆనించి, రెండో కొసను పళ్ళతో కరిచిపట్టి, కళ్ళు మూసుకునేవాడు. చెవుల్లోకి రానిది పళ్ళల్లోకి వస్తుందట. "అక్కా, నీ మొగుడు కట్టె తింటున్నడు, అన్నం బెట్టలేదా ఏంది?" అని నేను గోడ అవతలికి అరిచేదాన్ని. అక్క నవ్వబోయేది. నవ్వు మధ్యలోనే దగ్గయ్యేది.

ఆ దగ్గు సంగతే చెప్పాలి. వాళ్ళ ముందు హాల్లో రెండు సాంచాలు ఉండేవి. వాటి మీద టవళ్ళు నేసేవారు. టవలు నేసే ఇంట్లో గాలి అంతా దూది నూగే. అన్నం మీద నూగు, మంచినీళ్ళ కడవ మీద నూగు, తలలో నూగు. అక్క ఆ హాల్లోనే కూర్చుని నూలు కండెలు చుట్టేది, రాత్రి అక్కడే పడుకునేది. ఎనభైల చివర్లో ఆమె పడుకోవడం మానేసింది. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే కునికేది. డాక్టరు ఛాతీ ఫోటో చూసి, దూది గాలిలోంచి ఈమెను బయటికి తియ్యకపోతే నా మందులు నీళ్ళతో సమానం అన్నాడు.

ఇంటికి వచ్చాక బావ మా అందరి ముందూ ఆమెకు చేతులతో చెప్పాడు. మగ్గం మీంచి బట్టను కోసి దింపే సైగ ఒకటి ఉంది. అది రెండుసార్లు చేశాడు, రెండు సాంచాలకూ. ఒక సాంచ ఇప్పుడు అమ్మేస్తా, దాని మీద పాత రిక్షా కొంటా. రిక్షా కుదురుకోగానే రెండోది కూడా అమ్మేస్తా. మూడు చక్రాల ఆటోను మేము రిక్షా అనే అంటాం. రెండో సాంచ ఉన్నన్నాళ్ళు దాని మీద తిండి, ఆ తర్వాత ఇంట్లో దూది అన్నదే ఉండదు. అంతా రిక్షా కుదురుకోవడం మీద ఉంది.

రిక్షా వచ్చింది. ఎత్తేసిన సాంచ ఉన్న జాగా ఖాళీగా ఉంది కదా అని బావ దాన్ని హాల్లోనే పెట్టాడు, నడిచే సాంచ పక్కన. బయట పెడితే వాన, పిల్లలు, దొంగలు. పొద్దున్నే ఇంజనుకు చలి పట్టిందేమోనని ఇంట్లోనే చాలాసేపు నడిపి వేడి చేసేవాడు. సాయంత్రం రాగానే తుడిచి, తను ఒకప్పుడు నేసిన చద్దరే కప్పేవాడు. కొత్త కోడలికైనా అంత మర్యాద జరగదని నేను అనేదాన్ని, నాకు జరగలేదు కాబట్టి.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఆవాజ్ మొదలైంది.

పొద్దున బయల్దేరేటప్పుడు ఉండదు. రెండు మూడు గిరాకీలు తిరిగాక, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను లోపల ఏదో కొట్టుకునేది. బండి గుంజేది కాదు. బావకు అది వినపడదు, హ్యాండిలు పట్టుకున్న అరచేతుల్లో తెలిసేది. ఎట్లా ఉందో చెప్పమని ఎక్కినవాళ్ళనల్లా అడిగేవాడు. ఒకాయన గోళీలాట అన్నాడట, ఒకామె పెనం మీద పేలాలు అందట, స్కూలు మాస్టారు ఒకాయన చప్పుడు సంగతి తర్వాత ముందు దింపు అన్నాడట. నన్నూ ఒకరోజు ఎక్కించుకుని అక్కలకోట్ రోడ్డు మీద తిప్పాడు.

"ఇనవడ్డదా? మీదికెల్లి వస్తున్నదా, కిందికెల్లా?" అని వెనక్కి తిరిగి ఒకటే అడగడం.

"ముందు సూడు బావా, బస్సు వస్తున్నది" అన్నాను. ఎక్కడి నుంచి వస్తోందో నాకేం తెలుసు? అన్ని దిక్కుల నుంచీ వస్తోంది.

మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే ఇంజను చల్లారేదాకా చెయ్యి పెట్టడు. చల్లారాక చప్పుడు ఉండదు. ప్లగ్గు మార్చాడు, కార్బొరేటర్ కడిగాడు, ఇక రాదు పో అన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఇంకో మిస్త్రీ ఇంకేదో మార్చాడు. ఎక్కిన గిరాకీలు సగం దారిలో దిగిపోవడం మొదలుపెట్టారు. స్టాండులో తోటి రిక్షావాళ్ళు, దవాఖానకు పోయేవాళ్ళను కాకా బండి ఎక్కించకండి, చేరరు అని నవ్వేవారట.

అప్పటి నుంచి బావ ఇంట్లోనే వెతకడం పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన్ను చూస్తే భయమేసేది. అన్నం తింటూ తింటూ ముద్ద కంచంలో వదిలేసి లేచి, ఇంజను చాలూ చేసేవాడు. ఎక్కడ చప్పుడు అనిపిస్తే అక్కడ సాంచకు చేసినట్టే చేసేవాడు. సాంచలో ఇనుముకు ఇనుము తగిలితే మధ్యలో తోలు ముక్క పెడతాం, సందులో తెగిన నూలు కుక్కుతాం, చప్పుడు చస్తుంది. పుట్టినప్పటి నుంచి చేసిన పని అదే కదా. ఇంజను మీది రేకు తొడుగు కింద తోలు పెట్టాడు, చుట్టూ నూలు పీచు కుక్కి దారంతో కట్టాడు. ఒకపూట బాగున్నట్టే ఉండేది. మర్నాటికి చప్పుడు ఇంకా పెరిగేది. ఇంకా నూలు కుక్కేవాడు. వేడి ఇనుము మీద అరచెయ్యి పెట్టి పెట్టి బొబ్బలు లేచాయి. అక్క వాటికి కొబ్బరినూనె రాస్తూ అంది:

"ఇడిసెయ్యి. ఎవరికన్న ఇచ్చి, మల్ల సాంచనే తెచ్చి పెట్టుకుందం. నాకు అలవాటే గద."

ఆ మాట పూర్తిచేయడానికి ఆమె మధ్యలో మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. బావ ఆమె పెదవులు చూస్తున్నాడు కాబట్టి మాటలు మాత్రమే తెలిశాయి. చెయ్యి లాక్కుని మళ్ళీ రిక్షా దగ్గరికి పోయాడు.

కట్టె పళ్ళ మధ్య పెట్టుకుంటే ఆయనకు దొరకాలి. కానీ దొరకలేదు. ఎందుకంటే కట్టెలోంచి ఇంజను ఒక్కటే రాదు, నేలలోంచి గల్లీ మొత్తం వస్తుంది. తన సాంచ ఆపినా మా సాంచ ఉంది, మాది ఆపితే ఎదురువాళ్ళది. వారానికొకరోజు కరెంటు తీసేస్తారు, ఆ రోజైనా చూసుకోవచ్చు కదా అంటే, ఆ రోజే ఇంటింటా సాంచాలు విప్పి బిగిస్తారు, గల్లీ అంతా సుత్తి దెబ్బలే. ఊరి బయటికి పోతే రోడ్డు మీది లారీలకు అక్కడా నేల వణికేది. ఒక మధ్యాహ్నం బావ ఇల్లిల్లూ తిరిగాడు. జరసేపు అందరూ కలిసి ఆపండి, నేను చెయ్యెత్తగానే మళ్ళీ నడుపుకోండి అని. సాయంత్రానికి సేఠుకు మాల్ దింపాలని ఒకరు, ఇప్పుడే దారాలు కలిపామని ఒకరు. గల్లీ చివరి ఇంటి నర్సన్న అన్నాడు:

"సచ్చినోళ్ళకే ఆపుతం గని కాకా, రిక్షాకు ఆపుతమా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడు ఏమీ లేదు. బావ కూడా నవ్వి ఇంటికొచ్చాడు. ఆ రోజు సాసర్లో చాయ పోసుకుని అలలు చూడకుండానే తాగేశాడు.

అదే నర్సన్న తల్లి ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక పగటిపూట పోయింది. పండు ముసలి. గల్లీలో పుట్టిన పిల్లలందరికీ నీళ్ళు పోసిన చేతులు ఆమెవి. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అక్కా నేనూ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాం. ఆడవాళ్ళు ఇంకా వస్తున్నారు, ఏడుపు ఇంకా అందుకోలేదు. అప్పుడు మా వైపు నుంచి రిక్షా చాలూ అయిన చప్పుడు వచ్చింది.

మొదట ఎవరైనా దూరం చుట్టాలకు కబురు చెప్పడానికి పోతున్నారనుకున్నారు. కానీ చప్పుడు కదలడం లేదు. ఒకేచోట, పెరుగుతూ తగ్గుతూ, అంతసేపూ అలాగే నడుస్తోంది. నర్సన్న లేచి, తల్లి శవాన్ని వదిలి, గల్లీలోకి నడిచాడు. వెనక మగవాళ్ళు, ఆ వెనక మేము.

హాల్లో బావ రిక్షా వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పళ్ళలో కట్టె, మూసుకున్న కళ్ళు, కణతల మీంచి కారుతున్న చెమట. మేమంతా వచ్చిన సంగతే ఆయనకు తెలియదు. నర్సన్న మెడ వెనక అంగీ పట్టి గుంజాడు. బావ కళ్ళు తెరవకుండానే ఒక చెయ్యి పైకెత్తి బొటనవేలూ చూపుడువేలూ కలిపాడు. దారం కలుపుతున్నా, ఆగు అని. అది చూసి నర్సన్నకు ఇంకా మండింది. కట్టె లాగి పారేశాడు.

"మా అవ్వ పీనుగ ఇంక ఇంట్లనే ఉన్నది. నీకు ఇంజన్ ముచ్చటనా?"

బావ ఆయన పెదవులు చూసి, మోకాళ్ళ మీదే ఉండి రెండు చేతులూ జోడించాడు.

"నర్సన్నా, జరసేపు. నీ కాళ్ళు మొక్కుత. ఇయ్యాల కాకపోతే మల్ల ఎన్నడు ఆగుతయో, ఎవరు పోవాల్నో."

ఆ మాట ఎవరైనా అంటారా? నాకే ఆయన చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఇన్నాళ్ళూ నేను ఎగతాళి చేసిన మనిషి ఈయనేనా, పిచ్చి గానీ పట్టిందా అనుకున్నాను. జనంలోంచి ఎవరో తిట్టారు. బావ పట్టించుకోలేదు. చేత్తో తడుముకుంటూ కట్టె అందుకుని మళ్ళీ ఇంజనుకు ఆనించి కరిచిపట్టాడు.

సరిగ్గా అప్పుడే అక్క వెనక నుంచి ఆయాసపడుతూ వచ్చి చేరింది. ఆయన్ను ఆపాలనే వచ్చింది, కానీ మాట రాలేదు. పడిపోకుండా రిక్షా పక్క రేకును రెండు చేతులతో పట్టుకుని, ఛాతీ దానికి ఆనించి దగ్గడం మొదలుపెట్టింది. ఇంజను మోతలో మాకెవరికీ దగ్గు వినపడలేదు, ఆమె వీపు ఎగసిపడడం మాత్రం కనిపిస్తోంది.

బావ కళ్ళు తెరుచుకున్నాయి. దొరికింది అన్నట్టు చెయ్యి ఊపాడు. కట్టె వదలకుండానే ఇంజను బంద్ చేయమని మా వైపు సైగ చేశాడు. నేనే చేశాను.

ఇంజను ఆగింది. బావ మొహంలో వెలుగు మెల్లగా పోయింది.

"బంద్ చేసినవా?" అన్నాడు, పళ్ళ సందునుంచి.

"చేసిన బావా."

"ఆగుత లేదు. ఇంక అడుగుతనే ఉన్నది."

గల్లీలో ఒక్క సాంచ లేదు, ఒక్క మోటారు లేదు. ఆ నిశ్శబ్దంలో అక్క దగ్గు గల్లీ మొత్తానికి వినిపించింది. రోజూ ఆమె పక్కన కూర్చుని ఆకులు కత్తిరించేదాన్ని, ఆ దగ్గును మొదటి నుంచి చివరిదాకా నేను ఎన్నడూ విని ఉండలేదు. సాంచాల మోత ఎప్పుడూ సగం మింగేసేది. అది గొంతులోది కాదు. ఊపిరి పోవడానికి లోపల సందు దొరకని దగ్గు. బావ కట్టె పట్టుకునే తల పైకెత్తి, ఇంజను మీదుగా, రేకు మీదుగా చూసుకుంటూ పోయి, ఆమె మొహం దగ్గర ఆగాడు. కట్టె నోట్లోంచి జారిపోయింది.

నర్సన్న చెయ్యి ఆయన అంగీ మీంచి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. "అవ్వను ఎత్తేదాక టైమున్నది. సూస్కో కాకా" అన్నాడు. తల్లి దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళారు. నేను ఉండిపోయాను, అక్కను పట్టుకోవడానికి.

బావ ఇక వెతకలేదు. ఆమె ఛాతీలో ఇరుక్కున్నదే ఇంజనులోనూ ఇరుక్కుందని తట్టినట్టుంది. వేడి వేడిగానే తను కట్టిన దారాలు తెంపి, ఇంజను మీది రేకు తొడుగు ఊడదీశాడు. అది ఏ మిస్త్రీ విప్పనిది. దాని లోపల ఇంజనుకు గాలి కొట్టే చిన్న పంకా ఉంటుంది. ఆ పంకా చుట్టూ, ఇనుప రెక్కల సందుల్లో, సూది దూరే జాగా లేకుండా నూగు పేరుకుని ఉంది. నడిచే సాంచ పక్కన రోజూ ఇంజనును నడిపి నడిపి, ఆ హాల్లోని గాలినంతా దానికి తాగించాడు. పైనుంచి తను కుక్కిన నూలు. ఊపిరాడక ఉడికిపోయి లోపల కొట్టుకుంటోంది, అంతే దాని జబ్బు. వెతికిన కొద్దీ పెరిగిందంటే పెరగదా మరి.

వేళ్ళు కాలుతున్నా గోళ్ళతో గీకి తీశాడు. అచ్చం అట్టలా పొరలు పొరలుగా వచ్చింది. కింద ఎరుపు, దాని మీద ఆకుపచ్చ, ఆ మీద పసుపు, మళ్ళీ ఎరుపు. రిక్షా వచ్చినప్పటి నుంచి ఆ సాంచ మీద ఏ రంగు తర్వాత ఏ రంగు టవళ్ళు దిగాయో ఆ వరుసలోనే ఉంది. అక్క నేల మీద కూర్చుని ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. గుర్తుపట్టింది, ఆ రంగుల కండెలన్నీ చుట్టింది ఆమే కదా.

"నా లోపల గూడ గిట్లనే ఉండొచ్చు" అంది. "గివే రంగులు."

బావ ఆమె పెదవులు చూశాడు. పిడికిట్లో నూగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నేను ఏడ్చాను, దాచడం దేనికి. చావింట్లో రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది. ఇంజనుకు రేకు ఊడదీసి గోకవచ్చు, మనిషికి ఏది ఊడదీస్తారు?

కాసేపటికి రేకు బిగించి, ఇంజను చాలూ చేసి, బాగా వేడెక్కేదాకా నడిపాడు. చప్పుడు రాలేదు. ఆ సంగతి ఆయనకు నేనే చెప్పాను, ఆయన అడగలేదు. తర్వాత చేతులు కడుక్కుని వెళ్ళి నర్సన్న తల్లి పాడెకు భుజం పట్టాడు. నర్సన్న పక్కకు జరిగి చోటిచ్చాడు.

అవ్వను ఎత్తాక గల్లీలో సాంచాలు మళ్ళీ నడిచాయి. బావ సాంచ నడవలేదు. మర్నాడే దాన్ని తన చేతులతో విప్పి బయట పెట్టాడు. కొద్దిరోజులు రెండిళ్ళ పొయ్యి మా ఇంట్లోనే వెలిగింది. హాలును నీళ్ళు కొట్టి కడిగాం, దూలాల మీది నూగు బుట్టలకు బుట్టలు ఎత్తి పోశాం. ఆ హాల్లోకి అక్క మంచం వచ్చింది. రిక్షా బయట వానలో నిలబడింది, చద్దరు లేకుండా. తర్వాత మళ్ళీ ఎన్నడూ అడగలేదు అది.

అక్కకు నయమైందని చెప్పను. లోపల చేరింది చేరినట్టే ఉంది. కాకపోతే పడుకోగలిగింది. బావ రోజూ పొద్దున మొదటి గిరాకీ కంటే ముందు ఆమెను ఎక్కించుకుని ఊరి బయట చెరువు గట్టుకు తీసుకెళ్ళేవాడు, అక్కడ గాలి తాగించి తెచ్చేవాడు. తెచ్చాక గుమ్మంలో కూర్చోబెట్టి, కట్టె ఒక కొస ఆమె వీపుకు ఆనించి, రెండోది కరిచిపట్టి కళ్ళు మూసుకునేవాడు. నేను ఇవతలి గుమ్మంలోంచి, "ఏమంటున్నది బావా, కొత్త చీర అడుగుతున్నదా?" అనేదాన్ని. ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి నన్ను ఆగమనేవాడు. అయ్యాక, ఇయ్యాల కింద ఎడమ దిక్కు ఎక్కువున్నది అనో, ఇయ్యాల మంచిగున్నది అనో చెప్పేవాడు. వానాకాలంలో ఒక్కోరోజు ఏమీ చెప్పకుండా కట్టె మూలన పెట్టేసి, ఆ రోజు రిక్షా తియ్యకుండా ఆమె పక్కనే కూర్చునేవాడు. అలాంటి రోజుల్లో నేను కూడా నోరు మూసుకునేదాన్ని. చివరి ఏళ్ళలో ముందు పళ్ళు ఊడిపోయాక దవడ పళ్ళతో పక్కకు కరిచి పట్టుకునేవాడు. ఆమె ముందు పోతుందని ఆయన, గల్లీ మొత్తం, ఆమె కూడా అనుకున్నాం. ఆయనకు గుండె లోపల ఏముందో ఎవరూ కట్టె పెట్టి చూడలేదు.

మొన్న గల్లీ అంతా ఆగిపోయి ఉంది. బావను హాల్లో పడుకోబెట్టారు, మంచం ఉన్న జాగాలో, ఒకప్పుడు సాంచ ఉన్న జాగాలో. ఎత్తడానికి నర్సన్న వాళ్ళు వంగారు. అక్క ఆగమని చెయ్యెత్తింది. మూలకు వెళ్ళి కట్టె తెచ్చింది. ఆయన పక్కన కూర్చుని, ఒక కొస ఆయన ఛాతీ మీద ఆనించి, రెండోది తన పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎవరూ తొందర పెట్టలేదు.

"ఏం అడుగుత లేడు" అంది కళ్ళు తెరిచి. "ఎన్నడు ఏమి అడగలే. జరసేపు ఆపుమన్నదొక్కటే అడిగిండు. గంతే."

నర్సన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత ఎత్తారు.

ఎత్తాక గల్లీలో ఎవరో ఒకరు స్విచ్చి వేస్తారు, రివాజు ప్రకారం. మొన్న ఎవరూ వెయ్యలేదు. వెయ్యొద్దని నర్సన్న ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పి వెళ్ళాడని తర్వాత తెలిసింది. నేను అక్క పక్కన గుమ్మంలో కూర్చున్నాను. దగ్గు వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఒక్కటి కూడా తప్పిపోకుండా వినిపిస్తోంది. ఆమె వీపు మీద చెయ్యి వేశాను.

అక్క నా చెయ్యి తీసి, కట్టెను నా ఒళ్ళో పెట్టింది.

"నీ పళ్ళు ఇంక గట్టిగనే ఉన్నయి గద చెల్లె" అని, వీపు నా వైపు తిప్పి కూర్చుంది.